వైకల్యం ఉన్న క్రీడాకారులకు శిక్షణ: ఓరుగల్లు ప్రాంతంలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నోత్తరాలు ఎవరి కోసం?

వరంగల్, హనుమకొండ, ములుగు, జయశంకర్ భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల్లోనూ, కరీంనగర్, ఆదిలాబాద్ వైపునా పాఠశాలల్లో పనిచేసే పీఈటీలు, ఫిజికల్ డైరెక్టర్లు, పొద్దున్నే మైదానానికి వచ్చి పిల్లలకు ఆట నేర్పే స్వచ్ఛంద కోచ్‌లు, వైకల్యం ఉన్న తమ బిడ్డను మైదానానికి పంపాలా వద్దా అని ఆలోచిస్తున్న తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలే ఇవి. పతకాల స్థాయి శిక్షణ గురించి కొంత ఉంది. వారానికి రెండు ఆటల పీరియడ్లలో ఏం చేయవచ్చన్నదాని గురించి అంతకంటే ఎక్కువ ఉంది.

వైకల్యం ఉన్న పిల్లలను అందరితో కలిపి ఆడించాలా, వేరుగా నేర్పాలా?

రెండూ అవసరమే. ఏది ఎప్పుడన్నది ఆటను బట్టి, ఆ పిల్లవాడి అవసరాన్ని బట్టి తేలుతుంది. వార్మప్, సాగదీత వ్యాయామాలు, బంతి విసరడం, పట్టుకోవడం వంటి మౌలిక నైపుణ్యాలను దాదాపు ఎప్పుడూ కలిపే నేర్పవచ్చు. ఆట నియమాల్లో చిన్న మార్పు చేసి కలిపి ఆడించే సందర్భాలు కొన్ని ఉంటాయి. ఒకే నైపుణ్యాన్ని పక్కపక్కనే వేర్వేరు స్థాయిల్లో సాధన చేయించే సందర్భాలూ ఉంటాయి. గోల్‌బాల్ (చప్పుడు చేసే బంతితో చూపులేనివారు ఆడే ఆట), కూర్చుని ఆడే వాలీబాల్ వంటి ఆటలు వైకల్యం ఉన్నవారి కోసం పుట్టినవి కాబట్టి ఆ ఆటలకు మిగతా పిల్లలను కూడా పిలిచి ఆడించవచ్చు. పోటీకి సిద్ధమయ్యే క్రీడాకారులకు మాత్రం వారి విభాగానికి తగిన ప్రత్యేక శిక్షణ తప్పదు.

మన పాఠశాలల్లో ఎక్కువగా కనిపించేది వీటిలో ఏదీ కాదు. కాలు సరిగా లేని పిల్లవాడికి స్కోరు రాసే పుస్తకం, చూపు తక్కువున్న అమ్మాయికి నీళ్ల సీసాల కాపలా అప్పగించి, వారు కూడా మైదానంలోనే ఉన్నారు కదా అనుకోవడమే ఇక్కడ చేర్చుకోవడంగా చెలామణి అవుతోంది. స్కోరు రాయడం తప్పు పని కాదు. అయితే ఏడాది పొడవునా ఒకే పిల్లవాడు స్కోరు రాస్తున్నాడంటే అతనికి ఆటల పీరియడు లేనట్టే లెక్క.

దీని గురించి చట్టం ఏమైనా చెబుతోందా, లేక ఇది కోచ్ మంచితనానికి వదిలేసిన విషయమా?

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అది 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. అందులోని 30వ సెక్షన్ పూర్తిగా క్రీడలకు సంబంధించినది. క్రీడల్లో పాల్గొనడం దివ్యాంగుల హక్కని క్రీడా సంస్థలు గుర్తించాలనీ, ప్రతిభను వెలికితీసే తమ పథకాల్లో వారికి చోటు కల్పించాలనీ అది నిర్దేశిస్తుంది. శిక్షణ కార్యక్రమాలను వారికి అందుబాటులో ఉండేలా మార్చాలని, మైదానాలను, వసతులను సరిచేయాలని, వైకల్యాన్ని బట్టి ప్రత్యేక పోటీలు నిర్వహించాలని ప్రభుత్వాలకు బాధ్యత అప్పగిస్తుంది. అదే చట్టం సహేతుకమైన సర్దుబాటు గురించీ చెబుతుంది. ఎదుటివారిపై మోయలేని భారం పడకుండా, వైకల్యం ఉన్న వ్యక్తి అందరితో సమానంగా తన హక్కును వాడుకోవడానికి అవసరమైన మార్పు చేయడమే ఆ సర్దుబాటు. చెవుడు ఉన్న అమ్మాయికి ఈలకు బదులు జెండా ఊపడం అటువంటిదే. కనుక ఎవరైనా తల్లి వచ్చి తన బిడ్డను కూడా ఆడించమని అడిగితే, ఆమె దయ కోరుతున్నట్టు భావించవలసిన పని లేదు.

నేను వైకల్య క్రీడల్లో ఏ కోర్సూ చేయలేదు. నేర్పగలనా?

నేర్పగలరు. పరుగు, గెంతు, విసురు ఎలా నేర్పాలో ఇప్పటికే తెలిసిన వ్యక్తికి తెలియనిది చాలా తక్కువ. కోచ్‌లలో ఈ జంకు సహజమే కానీ అది ఎక్కువగా వైద్య పదాల వల్ల కలిగే భయం. సెరిబ్రల్ పాల్సీ గురించి పాఠ్యపుస్తకం చదివినా, మీ ముందున్న పిల్లవాడు కుడి చేత్తో బంతి పట్టుకోగలడా లేదా అన్నది ఆ పుస్తకం చెప్పదు. అది అతన్ని అడిగితే, ఒకసారి విసిరించి చూస్తే తెలుస్తుంది.

ప్రపంచవ్యాప్తంగా కోచ్‌లు వాడే ఒక పద్ధతిలో నాలుగు మార్పులు ఉంటాయి: స్థలం, పని, పరికరం, మనుషులు. ఒక పిల్లవాడు ఆటలో నిలవలేకపోతున్నాడని అనిపించినప్పుడు ముందు స్థలాన్ని మార్చి చూడాలి, అంటే గీతలు దగ్గరకు జరపడమో, చక్రాల కుర్చీ కోసం మట్టి వదిలి సిమెంటు నేలకు రావడమో చేయాలి. చాలకపోతే పనిని మార్చాలి. బంతి ఒక గంతు వేసిన తరువాత పట్టుకున్నా సరేనని చెప్పడం అటువంటిది. పరికరాన్ని మార్చడమంటే పెద్ద బంతి, మెత్తని బంతి, చప్పుడు చేసే బంతి, నేల రంగుకు భిన్నంగా కొట్టొచ్చినట్టు కనిపించే బంతి ఇవ్వడం. మనుషులను మార్చడమంటే జతలు మార్చడం, జట్టును చిన్నది చేయడం. ఒకేసారి నాలుగూ మారిస్తే ఏది పనిచేసిందో మీకే తెలియదు, పిల్లవాడికి కూడా తనకోసం ఆటంతా తలకిందులు చేశారన్న ఇబ్బంది కలుగుతుంది. ఒక్కొక్కటిగా మార్చండి, పిల్లవాడు మెరుగైన కొద్దీ ఆ మార్పులను ఒక్కొక్కటిగా తీసేయండి.

కోర్సు చేయాలనుకునే వారికి గ్వాలియర్‌లో దివ్యాంగుల క్రీడల కోసమే నెలకొల్పిన జాతీయ శిక్షణ కేంద్రం ఉంది. అంత దూరం వెళ్లేలోపు మీ మండలంలోని భవిత కేంద్రానికి (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం విద్యాశాఖ నడిపే కేంద్రం) వెళ్లి, అక్కడి రిసోర్స్ టీచర్‌తో ఒక మధ్యాహ్నం మాట్లాడితే సగం సందేహాలు తీరుతాయి. మీ బడిలోని ఏ పిల్లవాడికి ఏ అవసరం ఉందో వారి దగ్గర ముందే నమోదై ఉంటుంది. వ్యాయామ ఉపాధ్యాయులు, భవిత సిబ్బంది ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోవడం ఈ ప్రాంతంలో ఖర్చు లేకుండా సరిదిద్దగల పెద్ద లోపమని నా అభిప్రాయం.

దీప్తి జీవాంజి విజయం నుంచి కోచ్‌లు ఏం గ్రహించాలి?

పర్వతగిరి మండలం కల్లెడలో పుట్టిన దీప్తి, మేధో వైకల్యం ఉన్నవారి టీ20 విభాగంలో 400 మీటర్లు పరుగెత్తుతుంది. (ఇది క్రికెట్ టీ20 కాదు, ట్రాక్ విభాగం 20.) 2024 మేలో జపాన్‌లోని కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 55.07 సెకన్లతో ఆమె అప్పటి ప్రపంచ రికార్డు నెలకొల్పి స్వర్ణం గెలిచింది. అదే ఏడాది సెప్టెంబర్ 3న పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం సాధించింది. అంతకుముందు 2023 అక్టోబర్‌లో హాంగ్‌జౌలో ఆసియా పారా క్రీడల స్వర్ణం కూడా ఆమెదే. ఊరిలో ఆమెనూ, ఆమె తల్లిదండ్రులనూ ఎన్నేళ్లు ఎగతాళి చేశారో పత్రికలు విస్తారంగానే రాశాయి.

కోచ్‌లకు పనికొచ్చే భాగం ఆ ఎగతాళి కథలో లేదు. ఆమెను మొదట గుర్తించింది ఊరి బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడు. వైకల్యం ఉన్నదని పక్కన కూర్చోబెట్టకుండా అందరితో కలిపి పరుగెత్తించడం వల్లనే ఆమె వేగం బయటపడింది. తరువాత బడి పిల్లల పోటీల్లో ఆమెను చూసిన భారత క్రీడా ప్రాధికార సంస్థ కోచ్ నాగపురి రమేశ్ ఆమెను హైదరాబాద్‌కు రప్పించి శిక్షణ ఇచ్చారు. ఆమె కొంతకాలం సాధారణ విభాగంలోనే పోటీపడింది. సికింద్రాబాద్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థలో పరీక్షలు జరిగాకే పారా విభాగంలోకి వచ్చింది. అంటే ముందు ఆట, తరువాత వర్గీకరణ. మన బడుల్లో ఈ వరుస తరచుగా తిరగబడుతుంది. సర్టిఫికెట్ చూసి, శాతం చూసి, ఈ పిల్లవాడు ఆడలేడని ముందే తేల్చేస్తే ఆ తరువాత గుర్తించడానికి ప్రతిభ కనిపించే అవకాశమే ఉండదు.

మేధో వైకల్యం ఉన్న పిల్లలకు సూచనలు ఎలా ఇవ్వాలి?

ఒకసారి ఒకే సూచన ఇవ్వాలి. “అక్కడిదాకా పోయి, కోను చుట్టూ తిరిగి, బంతి తీసుకొని, ఎడమ వైపు నుంచి రా” అన్న వాక్యంలో నాలుగు పనులున్నాయి. నాలుగో పని వినేసరికి మొదటిది జారిపోతుంది. మీరు చేసి చూపండి, తరువాత మీతో కలిసి చేయించండి, ఆ తరువాతే ఒంటరిగా చేయనివ్వండి. “అర్థమైందా?” అని అడిగితే దాదాపు ప్రతి పిల్లవాడూ తల ఊపుతాడు కాబట్టి ఆ ప్రశ్న వల్ల ఉపయోగం లేదు. “ఇప్పుడు నువ్వేం చేయాలో నాకు చూపించు” అని అడగండి.

శిక్షణ ప్రతిరోజూ ఒకే క్రమంలో సాగితే వీరికి నెమ్మది కలుగుతుంది. మైదానానికి రాగానే అదే చెట్టు కింద కూర్చోవడం, అదే వార్మప్, చివర అదే ఆట. మార్పు తప్పనిసరైతే ముందురోజే చెప్పాలి. ఆటిజం ఉన్న కొందరికి ఈల చప్పుడు, స్పీకర్ల హోరు భరించరానివిగా ఉంటాయి. వారు చెవులు మూసుకొని పరుగు ఆపేస్తే దాన్ని మొండితనంగా తీసుకోవద్దు. 400 మీటర్ల పరుగులో వీరికి కష్టమయ్యేది తరచుగా వేగం కాదు, ఆ వేగాన్ని ఎక్కడ ఎంత ఖర్చు చేయాలన్న లెక్క. ‘మొదటి 200 మీటర్లు 27 సెకన్లలో’ అని చెప్పడం కంటే, ఆ వేగంతో పక్కన ఒకరు పరుగెత్తుతుండగా పదేపదే సాధన చేయిస్తే ఆ లయ కాళ్లకు అలవాటవుతుంది. మాట విషయంలో మరొక జాగ్రత్త: పదహారేళ్ల అమ్మాయితో ఆరేళ్ల పాపతో మాట్లాడినట్టు మాట్లాడకూడదు. సూచన సరళంగా ఉండాలి, గౌరవం మాత్రం వయసుకు తగినట్టు ఉండాలి.

చూపు లేనివారికి పరుగు నేర్పడం సాధ్యమేనా?

సాధ్యమే, దానికి కావలసింది తోడుగా పరుగెత్తే ఒకరు (గైడ్ రన్నర్), ఇద్దరి చేతులనూ కలిపే ఒక చిన్న తాడు, నమ్మకం. పూర్తిగా చూపులేని టీ11 విభాగంలో గైడ్ రన్నర్ తప్పనిసరి. కొంత చూపున్న టీ12లో క్రీడాకారుల ఇష్టం. టీ13లో గైడ్ ఉండరు. టీ11లో అందరికీ ఒకే స్థితి ఉండాలని కళ్లకు వెలుతురు సోకని గంతలు కడతారు. గైడ్ క్రీడాకారిణిని లాగకూడదు, నెట్టకూడదు. ముగింపు గీతను ఆమె కంటే ముందు దాటకూడదు. 100 మీటర్ల పోటీలో ఒక్కో జంటకు రెండు లేన్లు ఇస్తారు కాబట్టి ఎనిమిది లేన్ల ట్రాక్‌పై నలుగురే పరుగెత్తుతారు.

బడిలో మొదలుపెట్టేటప్పుడు ముందు చేతులు పట్టుకొని మైదానమంతా నడిపించండి. గుంత ఎక్కడుంది, గోల్ స్తంభం ఎక్కడుంది, నీళ్ల కుండ ఎక్కడుంది అన్నది వారికి తెలియాలి. తరువాత నడకలో తాడు, ఆ తరువాత మెల్లని పరుగు. గైడ్‌గా తోటి విద్యార్థినే ఎంచుకోండి, అయితే అతను ఆమె కంటే వేగంగా పరుగెత్తగలగాలి. లేకపోతే గైడ్ ఆయాసపడుతుంటే ఆమె తన వేగాన్ని తగ్గించుకోవలసి వస్తుంది. నైపుణ్యం వివరించేటప్పుడు “ఇలా”, “అలా”, “అటు” అన్న మాటలు వారికి ఏమీ చెప్పవు. “మోచేయి నడుము దగ్గర, బొటనవేలు జేబును రాసుకుంటూ వెనక్కి” అని చెప్పాలి. చేయి పట్టి సరిచేయవలసి వస్తే ముందు చెప్పి, అనుమతి అడిగి, అప్పుడు తాకాలి.

క్రికెట్ ఇష్టపడే పిల్లలకు అంధుల క్రికెట్ ఉంది. లోపల గుండ్లున్న ప్లాస్టిక్ బంతిని నేల మీదుగా చేయి కిందినుంచి వేస్తారు. బౌలర్ సిద్ధమా అని అడిగి, బ్యాటర్ సరేనన్నాకే “ప్లే” అంటూ వేస్తాడు. పూర్తిగా చూపులేని బ్యాటర్ తీసిన ప్రతి పరుగునూ రెండుగా లెక్కిస్తారు. గుంటూరు ప్రాంతానికి చెందిన ఇల్లూరి అజయ్‌కుమార్ రెడ్డి భారత అంధుల క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించి అర్జున పురస్కారం అందుకున్నారు.

వినికిడి లేని పిల్లలతో ఏ మార్పులు చేయాలి?

మీ ముఖం వారికి కనిపించాలి, అంతే ముఖ్యమైనది మరొకటి లేదు. సూర్యుణ్ణి వెనక పెట్టుకొని మాట్లాడే కోచ్ పెదవులు వారికి నల్లని నీడగా కనిపిస్తాయి. పొద్దుటి శిక్షణలో మీరే సూర్యుడి వైపు తిరిగి నిలబడండి. ఈల వేస్తూ నడుస్తూ చెప్పే అలవాటును మానుకోండి. ఈలతో పాటు ఎర్ర రుమాలు ఊపితే ఆట ఆగిందని అందరికీ తెలుస్తుంది, మిగతా పిల్లలకు కూడా అదే సంకేతం ఇస్తే ప్రత్యేకం అన్న భావన రాదు. పరుగు మొదలుకు తుపాకీ శబ్దం బదులు వెలుగు సంకేతం వాడతారు. బడిలో చేయి పైకెత్తి దించడం చాలు. సైగల భాషలో కనీసం ఇరవై ముప్పై మాటలు నేర్చుకోండి. ఆ పిల్లలే నేర్పుతారు, నేర్పడంలో వారికి గర్వం కూడా ఉంటుంది.

కబడ్డీలో ఒక చిక్కు వస్తుంది. కూత వినిపించడం నియమం కాబట్టి మాట రాని పిల్లవాడు రైడ్‌కు వెళ్లలేడని కొందరు అంటారు. బడి ఆటలో దీనికి పరిష్కారం సులభం. 30 సెకన్ల రైడ్ గడువును చేతి వేళ్లతోనో గడియారంతోనో చూపిస్తూ, కూత బదులు చేయి పైకెత్తి ఉంచమని అడగవచ్చు. పోటీల్లో ఆ పోటీ నియమావళినే పాటించాలి.

శారీరక వైకల్యం ఉన్నవారికి పరికరాలు ఖరీదు కదా, ఎలా?

కొన్ని ఖరీదే. కార్బన్‌తో చేసిన పరుగు కృత్రిమ కాలు, పోటీల చక్రాల కుర్చీ గ్రామీణ కుటుంబం కొనగలిగినవి కావు. ప్రభుత్వ శిబిరాల్లో ఇచ్చే మామూలు చక్రాల కుర్చీ, మూడు చక్రాల బండి రోజువారీ కదలికకు పనికొస్తాయి కానీ ఆట కోసం చేసినవి కావు. అయినా మొదలుపెట్టడానికి అవి లేవని ఆగవలసిన పని లేదు.

కూర్చుని విసిరే పోటీలు, అంటే ఎఫ్51 నుంచి ఎఫ్57 వరకు విభాగాల్లో గుండు, డిస్కస్, జావెలిన్ వంటివి, ఇక్కడి పరిస్థితికి బాగా సరిపోతాయి. వీటికి కావలసిన ఇనుప పీట మన ఊరి వెల్డింగ్ దుకాణంలో తయారవుతుంది. మెత్తతో కలిపి ఆసనం ఎత్తు 75 సెంటీమీటర్లు మించకూడదు, కాళ్లకూ నడుముకూ పట్టీలుండాలి, పీటను నేలకు కదలకుండా బిగించే ఏర్పాటు ఉండాలి. విసిరే పిల్లల శరీరానికి తగినట్టు కొలత తీసుకొని చేయించాలి, ఒకరికి సరిపోయింది మరొకరికి సరిపోదు.

కూర్చుని ఆడే వాలీబాల్‌కు 10 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు నేల చాలు. పురుషులకు 1.15 మీటర్లు, స్త్రీలకు 1.05 మీటర్ల ఎత్తులో వల కడతారు. బంతి ఆడేటప్పుడు పిరుదులు నేల విడవకూడదు. సాయంత్రమైతే వాలీబాల్ వల కట్టని ఊరు మన ప్రాంతంలో అరుదు కాబట్టి ఆ వలనే కిందికి దించి, కాళ్లు బాగున్నవారినీ నేల మీద కూర్చోబెట్టి ఆడించి చూడండి. వారిలో చాలామంది మొదటి పది నిమిషాల్లో చేతులెత్తేస్తారు, కర్రల సాయంతో నడిచే పిల్లవాడు అప్పటికే నేలపై చేతులతో జరగడంలో ఆరితేరి ఉంటాడు.

పారాలింపిక్స్, డెఫ్లింపిక్స్, స్పెషల్ ఒలింపిక్స్ ఒకటేనా?

కావు, ఈ గందరగోళం వల్ల పిల్లలు తప్పు దారిలో ఏళ్లు పోగొట్టుకుంటారు. పారాలింపిక్స్‌లో పది రకాల లోపాలున్నవారికి అర్హత ఉంది: ఎనిమిది శారీరకమైనవి, దృష్టి లోపం, మేధో లోపం. వినికిడి లోపం అందులో లేదు. వినికిడి లోపం ఉన్నవారికి 1924లో పారిస్‌లో మొదలైన వేరే క్రీడోత్సవం, ఇప్పటి డెఫ్లింపిక్స్, ఉంది. మెరుగైన చెవిలో కనీసం 55 డెసిబెల్స్ లోపం ఉండాలి, పోటీలో వినికిడి యంత్రం పెట్టుకోకూడదు. హైదరాబాద్ షూటర్ ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో స్వర్ణం గెలిచింది అందులోనే.

స్పెషల్ ఒలింపిక్స్ 1968లో మొదలైంది. మేధో వైకల్యం ఉన్న, ఎనిమిదేళ్లు నిండిన వారికి అందులో పోటీలుంటాయి. దగ్గరి సామర్థ్యం ఉన్నవారిని ఒకే బృందంగా చేసి పోటీ పెట్టడం దాని పద్ధతి. వైకల్యం ఉన్నవారు, లేనివారు ఒకే జట్టులో ఆడే యూనిఫైడ్ క్రీడలు కూడా అందులో ఉన్నాయి. దీప్తి పరుగెత్తింది స్పెషల్ ఒలింపిక్స్‌లో కాదు, పారాలింపిక్స్‌లో.

సదరం సర్టిఫికెట్ ఉంటే పారా పోటీలకు సరిపోదా?

సరిపోదు. సదరం, అంటే ప్రభుత్వ వైకల్య నిర్ధారణ శిబిరంలో ఇచ్చే శాతం పింఛను, రిజర్వేషన్, రాయితీల కోసం. 40 శాతం అన్న గీత ఆ ప్రయోజనాలకు సంబంధించినది. క్రీడా వర్గీకరణ అడిగే ప్రశ్న వేరు: ఈ లోపం ఈ ఆటలో ఈ వ్యక్తి సామర్థ్యాన్ని ఎంత తగ్గిస్తోంది? అందుకే ఒకే వ్యక్తి ఒక ఆటలో అర్హత పొంది మరొక ఆటలో పొందకపోవచ్చు. దేశంలో ఈ పని భారత పారాలింపిక్ కమిటీ ఆధ్వర్యంలో జరుగుతుంది. అంతర్జాతీయ పోటీలకు వెళ్లేవారిని అంతర్జాతీయ వర్గీకర్తలు మళ్లీ పరీక్షిస్తారు. అథ్లెటిక్స్‌లో టీ అంటే ట్రాక్, ఎఫ్ అంటే ఫీల్డ్. 11 నుంచి 13 దృష్టి లోపం, 20 మేధో లోపం, 30లలో సెరిబ్రల్ పాల్సీ వంటి కదలిక సమన్వయ లోపాలు, 50లలో కూర్చుని పోటీపడేవారు, 60లలో కృత్రిమ కాలుతో పరుగెత్తేవారు.

మేధో విభాగానికి ప్రజ్ఞాలబ్ధి (ఐక్యూ) 75 లేదా అంతకు తక్కువ ఉండటంతో పాటు రోజువారీ జీవనంలో పరిమితులు, ఆ స్థితి ఎదిగే వయసులోనే మొదలైందన్న ఆధారం కూడా కావాలి. కాబట్టి చిన్నతరగతుల ప్రోగ్రెస్ కార్డులు, భవిత కేంద్రం పత్రాలు, పాత వైద్య పరీక్షల కాగితాలు పారేయవద్దని తల్లిదండ్రులకు ముందే చెప్పాలి. శారీరక లోపాలకు ఎక్స్‌రేలు, వైద్యుల నివేదికలు అవసరమవుతాయి.

ఒక హెచ్చరిక కూడా. సులభమైన విభాగం దొరకాలని పరీక్షలో కావాలని తక్కువ బలం చూపమని పిల్లలకు చెప్పే పెద్దలు ఉన్నారు. వర్గీకరణలో ఉద్దేశపూర్వకంగా మోసగించడం నిషేధానికి దారితీసే నేరం, ఆ శిక్ష సలహా ఇచ్చినవారికి కూడా పడవచ్చు.

సికిల్ సెల్ ఉన్న పిల్లలను పరుగెత్తించవచ్చా?

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు గోండు, కొలాం గూడేల్లోనూ, ములుగు, భూపాలపల్లి అడవి ప్రాంతాల్లోని ఆదివాసీ పిల్లల్లోనూ సికిల్ సెల్ వ్యాధి కనిపిస్తుంది కాబట్టి ఆశ్రమ పాఠశాలల పీఈటీలు దీన్ని తెలుసుకొని తీరాలి. 2016 చట్టం దీన్ని వైకల్యంగా గుర్తించింది కానీ పారాలింపిక్ అర్హతల్లో ఇది లేదు. వ్యాధి ఉన్న పిల్లలు వైద్యుల సలహాతో, మితంగా ఆడవచ్చు. ప్రమాదం ఎక్కడంటే నీరు తక్కువైనప్పుడు, ఎండలో, చలిలో, లేదా విరామం లేకుండా పదేపదే గరిష్ఠ వేగంతో పరుగెత్తించినప్పుడు. వీరి ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి సన్నని రక్తనాళాలకు అడ్డుపడతాయి. విపరీతమైన నొప్పి వస్తుంది. అడిగినప్పుడల్లా నీళ్లు తాగనివ్వాలి, తమ వేగాన్ని తామే నిర్ణయించుకోనివ్వాలి, శిక్షగా మైదానం చుట్టూ పరుగెత్తించడం వీరి విషయంలో ప్రాణాపాయం. (నిజానికి ఏ పిల్లల విషయంలోనైనా అది మంచి శిక్ష కాదు.) కాళ్ల నొప్పి అన్న పిల్లవాడు నటిస్తున్నాడని అనుకోకుండా ఆపేసి, ఆస్పత్రికి పంపాలి.

ఇంకా ఏ ఆరోగ్య జాగ్రత్తలు తప్పనిసరి?

మన ఎండాకాలం మొదట గుర్తుంచుకోవాలి. వెన్నుపాము దెబ్బతిన్నవారికి గాయం కింది భాగంలో చెమట సరిగా పట్టదు కాబట్టి శరీరం తనను తాను చల్లబరుచుకోలేదు. వేసవిలో పొద్దున ఎనిమిది లోపే శిక్షణ ముగించాలి, తడి గుడ్డ, నీళ్లు చల్లే సీసా దగ్గర ఉంచుకోవాలి. వెన్నుపాము గాయం ఛాతీ పైభాగంలోనో మెడలోనో ఉన్నవారికి అకస్మాత్తుగా తలనొప్పి, ముఖం ఎర్రబారడం, చెమటలు వస్తే రక్తపోటు ప్రమాదకరంగా పెరుగుతోందని అర్థం. నిటారుగా కూర్చోబెట్టి, పట్టీలు వదులు చేసి, మూత్రపు గొట్టం మడతపడిందేమో చూసి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. స్పర్శ తెలియనివారికి కూర్చున్నచోట పుండ్లు పడతాయి, శిక్షణ మధ్యలో తరచుగా చేతులపై బరువు మోపి శరీరాన్ని పైకెత్తుకోమని గుర్తుచేయాలి.

డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరిలో మెడ పై ఎముకల కీలు వదులుగా ఉంటుంది. వైద్యుడు చూసి సరేననేదాకా పల్టీలు, తలకిందుల విన్యాసాలు, తలతో దూకే ఈత వద్దు. మూర్ఛ ఉన్నవారిని ఆటకు దూరం పెట్టవలసిన పని లేదు, మందులు సమయానికి వేసుకుంటున్నారా అని చూడాలి, ఈతలో మాత్రం ఒకరు వారినే గమనిస్తూ ఉండాలి. మూర్ఛ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తనిది పెట్టండి. చేతిలో తాళంచెవులు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం చేయవద్దు. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి.

తోటి పిల్లలు వెక్కిరిస్తే ఏం చేయాలి?

పిల్లల వెక్కిరింత సాధారణంగా పెద్దల నోటినుంచి నేర్చుకున్నదే. కోచ్ “ఏయ్ కుంటోడా” అని ముద్దుగా పిలిచినా పిల్లలు దాన్నే పట్టుకుంటారు. పేరుతో పిలవండి. అందరి ముందూ ఉపన్యాసం ఇస్తే ఆ పిల్లవాడు మరింత కుంచించుకుపోతాడు కాబట్టి వెక్కిరించిన వారిని పక్కకు పిలిచి మాట్లాడండి. జట్లు ఎంచుకోవడం ఇద్దరు నాయకులకు వదిలేస్తే ప్రతిసారీ అదే పిల్లవాడు చివరకు మిగులుతాడు, అందుకే జట్లను మీరే ప్రకటించండి. పెద్దవారు ఉద్దేశపూర్వకంగా అందరి ఎదుటా అవమానిస్తే 2016 చట్టంలోని 92వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు.

ఆడితే పింఛను పోతుందా? ఆటల వల్ల బిడ్డకు ఏమొస్తుంది?

ఈ రెండు ప్రశ్నలు ప్రతి ఊరిలో వినిపిస్తాయి. పింఛను సదరం ధ్రువపత్రాన్ని బట్టి ఇచ్చేది, పరుగు పందెంలో పాల్గొనడం దాన్ని రద్దు చేసే కారణం కాదు. రెండో ప్రశ్నకు పతకాలు, నజరానాలు చూపి సమాధానం చెప్పడం నాకు సమ్మతం కాదు. పారిస్ తరువాత దీప్తికి రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, వరంగల్‌లో ఇంటి స్థలం, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించిన మాట నిజమే. ఆ స్థాయికి చేరేవారు ఎప్పుడూ కొద్దిమందే. తల్లిదండ్రులకు చెప్పవలసింది దగ్గరి ఫలితాల గురించి: భుజాల బలం పెరిగితే కుర్చీలోంచి మంచం మీదికి తనంతట తానే మారగలడు, దిశ తెలిసిన అమ్మాయి ఒంటరిగా బస్టాండుకు వెళ్లగలదు, వారానికి మూడు రోజులు ఇల్లు దాటి తన వయసువారితో గడపగలదు. ప్రయాణ ఖర్చు అడ్డమైతే ఆడపిల్లలకు 2023 డిసెంబర్ నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది, మగపిల్లలకు ఆర్టీసీ రాయితీ పాసు ఉంది.

ఆడపిల్లల భద్రత గురించి కోచ్ ఏ నియమాలు పెట్టుకోవాలి?

వైకల్యం ఉన్న పిల్లలు తమకు జరిగింది చెప్పలేకపోవచ్చు, చెప్పినా నమ్మేవారు తక్కువ కావచ్చు. అందువల్ల నియమాలు మరింత కఠినంగా ఉండాలి. కోచ్ ఏ పిల్లతోనూ తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. దుస్తులు మార్చడంలో, మరుగుదొడ్డికి వెళ్లడంలో సాయం కావలసినవారికి ఆ సాయం ఎవరు చేయాలో తల్లిదండ్రులతో ముందే మాట్లాడుకోవాలి, ఆడపిల్లలకు తప్పనిసరిగా మహిళే ఉండాలి. పోటీలకు బయటి ఊరు వెళ్లేటప్పుడు ఒక తల్లిని లేదా ఉపాధ్యాయురాలిని వెంట తీసుకెళ్లాలి. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన వ్యక్తి 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. బడి పరువు పోతుందని లోపలే సర్దేయడం కూడా నేరమే. 1098 పిల్లల సహాయ నంబరు మైదానం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

మైదానంలో ముందుగా ఏది సరిచేయాలి?

మరుగుదొడ్డి. హనుమకొండలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో 2021 సెప్టెంబర్‌లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి, సింథటిక్ ట్రాక్ మనకు ఉంది. కానీ మండల కేంద్రాల మైదానాల్లో చక్రాల కుర్చీ లోపలికి వెళ్లే తలుపున్న మరుగుదొడ్డి వెతికినా దొరకడం కష్టం. అది లేకపోతే అమ్మాయిలు పొద్దున నీళ్లు తాగడమే మానేసి వస్తారు, ఎండలో దాని ఫలితం పైన చెప్పినదే. తరువాత ద్వారం దగ్గరి మెట్టుకు పక్కన ఏటవాలు దారి, ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండేలా కట్టించాలి. మూడోది నీడలో కూర్చునే చోటు. గ్రామ పంచాయతీ తీర్మానంతో, పాఠశాల నిర్వహణ నిధులతో ఈ మూడూ చేయించుకోవచ్చు. దరఖాస్తులో చట్టంలోని 30వ సెక్షన్‌ను ప్రస్తావించండి, ఒక ప్రతిని జిల్లా సంక్షేమ అధికారికి, మరొకటి జిల్లా క్రీడల అధికారికి పంపి, అందినట్టు రసీదు తీసుకోండి.